చెక్క టర్బులెంట్ విమానం కొనే ముందు ఏం చూడాలి? మొదటిసారి ఎలా ఎగరాలి?

గాలివాటం:

నమస్కారమండీ. డ్రూయిన్ డి.31 టర్బులెంట్ ఒకటి అమ్మకానికి వచ్చింది. తెలిసినవాళ్ళ సలహా కావాలి. ప్లాన్లు తెప్పించుకుని ఇంట్లో కట్టిన విమానం. ఒకటే సీటు, రెక్క కింద ఉంటుంది, అంతా చెక్క, పైన ఫాబ్రిక్. ఇంజిన్ 1600 సీసీ ఫోక్స్‌వాగెన్. ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో ఒకటే, సిలిండర్‌కు ప్లగ్గు ఒకటే, స్టార్టర్ లేదు, ప్రొపెల్లర్ చెక్కది.

కట్టినాయన ఇప్పుడు లేరు. ఇప్పటి యజమాని ఆరేళ్ళుగా ఎగరలేదు, విమానం పొడి హ్యాంగర్‌లోనే ఉంది. లాగ్‌బుక్కులు ఉన్నాయి గానీ కట్టేటప్పుడు రాసుకున్న నోట్సు లేవు, ఏ జిగురు వాడారో ఎక్కడా లేదు. మొదట తోక కింద స్కిడ్ (నేలను రాసుకుంటూ పోయే కాలు) ఉండేదట. తర్వాత దాని చోట టెయిల్‌వీల్ (తోక చక్రం), బ్రేకులు, కాక్‌పిట్ మీద కానపీ (పారదర్శకమైన మూత) పెట్టారు. తూకం కాగితం మాత్రం ఈ మార్పులకు ముందుది: ఖాళీ బరువు 165 కిలోలు, గరిష్ఠ బరువు 281 కిలోలు. ట్యాంకు 38 లీటర్లు. నా బరువు బట్టలతో సహా 85.

టెయిల్‌వీల్ విమానాలు నడపడం వచ్చు, కాకపోతే అన్నీ రెండు సీట్లవే. చెక్కలో ఏం చూడాలి, ఎలా చూడాలి? ఇన్నాళ్ళు ఆగిపోయిన ఇంజిన్ సంగతేంటి? పక్కన నేర్పేవాళ్ళు కూర్చోవడానికి వీల్లేని దాన్ని మొదటిసారి ఎలా ఎగరాలి?

స్ప్రూస్‌పలక:

గాలివాటం గారూ, ముందు ఒక సంగతి ఖాయం చేసుకోండి. టర్బులెంట్లు ఇళ్ళల్లో కట్టినవే కాదు, ఇంగ్లండ్‌లో క్రాయిడన్ దగ్గర రోలాసన్ సంస్థ ఫ్యాక్టరీలో కట్టినవీ ఉన్నాయి. మీరు చూస్తున్నది ఇంట్లో కట్టినదే అయితే టర్బులెంట్‌కు ఉన్న మంచిపేరును లెక్కలోకి తీసుకోకండి. మీరు కొనేది ఆ ఒక్క మనిషి పనితనాన్ని. ఒకే డ్రాయింగ్ నుంచి వచ్చిన రెండు విమానాల్లో ఒకటి యాభై ఏళ్ళు నిలుస్తుంది, ఇంకోటి పదిహేనేళ్ళకే అతుకులు వదిలేస్తుంది.

మొదటి ప్రశ్న జిగురు. నోట్సు లేకపోయినా జిగురే చెబుతుంది. రెక్క మొదట్లో స్పార్ (రెక్క బరువు మోసే ప్రధాన దూలం) పక్కన, కాక్‌పిట్ నేల కింద, ప్లైవుడ్ బిగించేటప్పుడు బయటికి పొంగి గట్టిపడిన జిగురు చుక్కలు ఉంటాయి. టార్చి వేసి వాటి రంగు చూడండి. ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగు అయితే రెసార్సినాల్. చెక్క విమానాలకు దాన్ని మించి నమ్మకంగా నిలిచింది లేదు. తేనెరంగులో పారదర్శకంగా ఉంటే ఎపాక్సీ. తెల్లగా గానీ లేత రంగులో గాజుముక్కలాగా గానీ ఉంటే యూరియా ఫార్మాల్డిహైడ్ రకం. పొడి చోట బాగానే ఉంటుంది, వేడి, తేమ రెండూ కలిసి ఏళ్ళ తరబడి తగిలితే పెళుసెక్కుతుంది. మీగడ రంగులో సుద్దలా ఉంటే కేసీన్. పాలనుంచి తీసిన జిగురు అది, తడి తగిలితే మెత్తబడి బూజు పడుతుంది. కేసీన్ అని తేలితే నా సలహా ఒక్కటే, ఫాబ్రిక్ మొత్తం విప్పి చూపించనిదే బేరం మాట్లాడకండి.

రంగు చూశాక మొండి స్క్రూడ్రైవర్ మొనతో ఆ చుక్కను నొక్కండి. పొడిపొడిగా రాలితే అతుకు లోపల కూడా అలాగే ఉందని అనుమానించాలి. ఎక్కడైనా పాత అతుకు విడిపోయి కనిపిస్తే రెండు ముఖాలూ పరీక్షగా చూడండి. మంచి అతుకు విడిపోతే జిగురు నిలిచి చెక్క చిరుగుతుంది, రెండు వైపులా నార అంటుకుని ఉంటుంది. ముఖం నున్నగా, చెక్క ఆనవాలు లేకుండా ఉందంటే జిగురు పట్టనేలేదు. అది ఒక్క చోట కనిపించినా, అదే మనిషి అదే రోజుల్లో వేసిన మిగతా అతుకులన్నిటినీ అనుమానించాల్సిందే.

తర్వాత తేమ. నీళ్ళు కిందికే దిగుతాయి కాబట్టి వెతకాల్సింది కింది చోట్లే: తోక చివరి నిలువు కర్ర అడుగు, కింది లాంజరాన్లు (బాడీ పొడవునా పోయే కర్రలు), సీటు కింద నేల, ఇంధన ట్యాంకు అడుగు, ఐలరాన్ (విమానాన్ని పక్కకు వాల్చే పలక) హింజిల పక్కన రెక్క వెనక అంచు. ప్రతి అరకూ కింద నీరు పోయే కన్నం ఉండాలి. పుల్ల పెట్టి చూడండి, రంగు వేసేటప్పుడు వాటిని పూడ్చేసినవాళ్ళు చాలామంది. కన్నం పూడితే ఆ అరలో చెక్క అంచులు నల్లగానో బూడిదరంగుగానో మారతాయి. సూదుల మీటరుతో చెక్కలో తేమ కొలిస్తే 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. 20 దాటిన చోట పుచ్చు మొదలవుతుంది. ప్లైవుడ్ మీద ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవర్‌తో అంగుళం అంగుళం తడుతూ పోండి. టకటకమనే శబ్దం ఒకచోట మొద్దుగా మారితే కింద అతుకు వదిలినట్టే. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి లోపలివైపు నుంచి కూడా చూడండి.

స్పార్‌లో కంప్రెషన్ పగులు అన్నిటికంటే ప్రమాదం, కనిపించడమూ కష్టమే. విమానం ఎప్పుడైనా గట్టిగా దిగినా, ముక్కు మీద పల్టీ కొట్టినా చెక్క నార నొక్కుకుపోయి, నారకు అడ్డంగా వెంట్రుకంత గీత పడుతుంది. వార్నిష్ కింద అది ముడతలా అనిపిస్తుంది. టార్చిని చెక్కకు ఆనించి, వెలుతురు ఏటవాలుగా పాకేలా పెడితేనే నీడ తెలుస్తుంది. ల్యాండింగ్ గేర్ కాళ్ళు బిగించిన చోట, ఫిట్టింగుల అంచుల దగ్గర, రిబ్బులు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డకర్రలు) తగిలే చోట ముఖ్యంగా చూడాలి. లాగ్‌బుక్కులో ప్రొపెల్లర్ మార్చినట్టు ఉంటే ఎందుకు మార్చారో అడగండి. ప్రొపెల్లర్ నేలకు తగిలిందంటే ఆ దెబ్బ స్పార్ దాకా వెళ్ళి ఉండొచ్చు.

బోల్టుల విషయం: చెక్క ఎండి కుదించుకుపోతే బోల్టు వదులవుతుంది. వదులు బోల్టు కన్నాన్ని కోలగా అరగదీస్తుంది. ఒకరు రెక్క కొస పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపాలి. ఇంకొకరు రెక్కను బోల్టుతో బిగించిన అతుకు మీద వేళ్ళు అడ్డంగా ఆనించి ఉంచాలి. టిక్ మన్నా, వేలికి కదలిక తెలిసినా ఆ బోల్టు తీయించి కన్నం కొలవండి. నట్టు బిగించేస్తే పోతుందని అమ్మేవాళ్ళు అంటారు. బిగిస్తే వాషర్ చెక్కలోకి దిగి నారను నలిపేస్తుంది, కోలైన కన్నం మాత్రం అలాగే ఉంటుంది.

టేపు పట్టుకుని రెండు రెక్కల కొసల నుంచి తోక చివరి కర్రకు దూరం కొలవండి. రెండు వైపులా తేడా ఆరు మిల్లీమీటర్లు దాటితే కారణం తెలియాలి. చివరగా రెక్క ముందు అంచులో, బయటి భాగంలో ఉండే స్థిర స్లాట్లు (గాలి దూరే చీలికలు). విమానం స్టాల్‌కు (వేగం చాలక రెక్క బరువు మోయలేని స్థితికి) దగ్గరైనా ఐలరాన్లు పనిచేసేది వాటివల్లే. లోపల పక్షిగూడు, కందిరీగల మట్టి, రంగు పేరుకుపోవడం ఇవన్నీ చూశాను. స్లాట్ నోరు రెండు వైపులా ఒకే వెడల్పు ఉందో లేదో గేజితో కొలవండి. ఒకవైపు మూసుకుపోతే స్టాల్‌లో ఆ వైపు రెక్కే ముందు పడిపోతుంది.

ఫాబ్రిక్ కొత్తగా మెరుస్తుంటే సంబరపడకండి. కప్పే ముందు తీసిన ఫొటోలు అడగండి. లేకపోతే తనిఖీ కన్నాలు కోసి బోరోస్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) పెట్టనివ్వమనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

ట్యాపెట్:

ఇంజిన్ గురించి. మొదటి మాట: చూడ్డానికి వెళ్ళినప్పుడు "ఒకసారి స్టార్ట్ చేసి చూపిస్తా" అంటే వద్దనండి. ఆరేళ్ళు ఆగిన ఇంజిన్‌లో సిలిండర్ గోడలకు తుప్పు పట్టి ఉంటుంది, వాల్వులను కదిలించే కామ్ మీద నూనె పొర ఉండదు. ఆ మొదటి నిమిషంలోనే కామ్, లిఫ్టర్లు గీసుకుపోతాయి.

ప్లగ్గులు నాలుగూ తీసి బోరోస్కోప్‌తో సిలిండర్ లోపల చూడండి. లేత గోధుమ మచ్చలు పర్వాలేదు. గుంటలు పడి ఉంటే సిలిండర్ మార్చాల్సిందే. ఆయిల్ దించి స్ట్రెయినర్ తీయండి, అయస్కాంతానికి అంటుకునే రజను ఉందేమో చూడండి. ఈ ఇంజిన్‌లో ఆయిల్ పట్టేది రెండున్నర లీటర్లే, కాబట్టి కొంచెం మురికి చేరినా లెక్కే. కొత్త ఆయిల్ పోసి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు నూనె వేసి, ప్లగ్గులు లేకుండానే ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పండి.

తర్వాత ట్యాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వు కాడ కొసకు, దాన్ని నొక్కే రాకర్‌కు మధ్య ఖాళీ. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.15 మిల్లీమీటర్లు. అంకె సరిచేసి ఊరుకోవద్దు, సరిచేసే ముందు ఎంత ఉందో రాసుకోండి. ఎగ్జాస్ట్ వాల్వు క్లియరెన్స్ ప్రతిసారీ తగ్గుతూ పోతోందంటే వాల్వు కాడ సాగుతోంది, లేదా సీటు లోపలికి దిగుతోంది. కాడ సాగిన వాల్వుకు తల ఊడిపోవడమే తరువాయి. తల ఊడి సిలిండర్‌లో పడితే ఇంజిన్ అక్కడితో సరి. లాగ్‌బుక్కులో ఈ అంకెలు రాసిపెట్టిన యజమాని దొరికితే ఆ విమానానికి నా లెక్కలో విలువ పెరుగుతుంది.

సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత నిలుస్తుందో చూసే లీక్‌డౌన్ పరీక్ష 80 పీఎస్‌ఐ గాలితో చేయండి. పిస్టన్ పైకొసలో ఉన్నప్పుడు గాలి వదిలితే ప్రొపెల్లర్ విసురుగా తిరుగుతుంది, బలమైన మనిషి దాన్ని గట్టిగా పట్టుకోవాలి. 70 పైన నిలిస్తే మంచిది. 60 కిందికి పోయి ఎగ్జాస్ట్ గొట్టంలో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బ్యురేటర్‌లో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే చోట వినిపిస్తే రింగులు. హెడ్ నట్లు టార్క్ చేసి చూడండి: 8 మిల్లీమీటర్ల స్టడ్లకు 25 న్యూటన్ మీటర్లు, 10 మిల్లీమీటర్ల వాటికి 31. టార్క్ ఎక్కకుండా నట్టు ఊరికే తిరుగుతూ ఉంటే మెగ్నీషియం కేసులోంచి స్టడ్ లాక్కొచ్చినట్టు. కేసు విప్పి ఇన్సర్టులు వేయాలి, చిన్న పని కాదు.

ప్రొపెల్లర్ హబ్ దగ్గర ఎర్రటి పొడి ఉందా చూడండి. హబ్‌కు, క్రాంక్‌షాఫ్ట్‌కు మధ్య సన్నటి కదలిక ఉందని దాని అర్థం. కారు కోసం చేసిన క్రాంక్ మీద తిరిగే ప్రొపెల్లర్ వంచే బలమంతా (గైరోస్కోపిక్ లోడ్) పడేది అక్కడే, విరిగేదీ అక్కడే. పొడి కనిపిస్తే హబ్ తీయించి, పగుళ్ళ కోసం రంగు పరీక్ష చేయించాలి. డయల్ గేజి పెట్టి హబ్‌ను ముందుకీ వెనక్కీ తోసి క్రాంక్ ఎండ్‌ప్లే (ముందు వెనకల కదలిక) కొలవండి. 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్ల దాకా మామూలు, 0.15 దాటితే ఇంజిన్ విప్పాలి.

రబ్బరు గొట్టాలన్నీ, ఎలా కనిపించినా సరే, మార్చేయండి. ట్యాంకు కడగండి. పెట్రోల్‌లో ఇథనాల్ ఉందేమో ఎప్పుడూ చూసుకోండి: గీతలున్న 100 మిల్లీలీటర్ల గొట్టంలో 10 గీత దాకా నీళ్ళు, 100 దాకా పెట్రోల్ పోసి కుదిపి నిలబెట్టండి. అడుగు నీటి మట్టం 10 దాటి పెరిగితే ఇథనాల్ ఉంది. పాత ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల రెజిన్‌నీ, కార్క్ ఫ్లోట్ల మీది పూతనీ అది కరిగించి, ఆ జిగటను కార్బ్యురేటర్ జెట్‌లో పేరుస్తుంది.

ఇంధన ప్రవాహం కొలవకుండా ఎగరకండి. మీ ట్యాంకు పైలట్ ముందు, ఇంజిన్‌కు పైన ఉంటుంది, పంపు లేకుండా బరువుకే దిగుతుంది. అలాంటి ఏర్పాటులో టేకాఫ్‌కు కావలసినదానికి ఒకటిన్నర రెట్లు రావాలి. ఫుల్ థ్రాటిల్‌లో మీ ఇంజిన్ గంటకు 16 లీటర్లు తాగుతుందనుకుంటే 24 లీటర్లు, అంటే నిమిషానికి 400 మిల్లీలీటర్లు. తోక కిందికి దించి, ముక్కు కోణం మీ ఎక్కుడు కోణం కంటే ఎక్కువుండేలా పెట్టి, ట్యాంకులో మూడు నాలుగు లీటర్లే ఉంచి, కార్బ్యురేటర్ దగ్గర గొట్టం విప్పి కొలపాత్రలో పట్టండి. ఆరుబయట, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని చేయాల్సిన పని.

చెక్క ప్రొపెల్లర్ బోల్టులు: వాతావరణం పొడిబారితే చెక్క కుదించుకుని బోల్టు వదులవుతుంది, తేమ పెరిగితే ఉబ్బి నలుగుతుంది. మొదటి ఫ్లయిట్ తర్వాత ఒకసారి, రుతువు మారినప్పుడల్లా ఒకసారి టార్క్ చూడాలి. రెండు కొసలూ ఒకే దారిలో తిరుగుతున్నాయో లేదో దగ్గర్లో పుల్ల పాతి చూడండి. 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదు.

కొలతలపట్టీ:

జిగురూ ఇంజినూ అన్నీ బాగున్నా మీ తూకం కాగితం పనికిరాదండీ. టెయిల్‌వీల్, బ్రేకులు, కానపీ కలిపి 12 కిలోలు పెరిగాయనుకోండి. ఖాళీ బరువు 177. మీరు 85. 281లోంచి తీసేస్తే ఇంధనానికి మిగిలేది 19 కిలోలు, అంటే లీటరు 0.72 కిలోల లెక్కన 26 లీటర్లు. 38 లీటర్ల ట్యాంకు నింపే హక్కు మీకు లేదు. గంటకు 12 లీటర్ల క్రూజ్‌లో, అరగంట రిజర్వు తీసేస్తే మీ చేతిలో ఉండేది గంటా నలభై నిమిషాలు.

బరువుకన్నా అది ఎక్కడ పెరిగిందనేది ముఖ్యం. టెయిల్‌వీల్ వల్ల తోకలో పెరిగింది కిలోన్నరే కావచ్చు. కానీ అది సీజీకి (విమానం బరువు కేంద్రానికి) మూడున్నర మీటర్ల వెనక ఉంది. 1.5ని 3.5తో గుణిస్తే 5.25, దాన్ని 280తో భాగిస్తే సీజీ 19 మిల్లీమీటర్లు వెనక్కి జరిగినట్టు. చిన్న విమానానికి అది పెద్ద అంకె. పైగా ట్యాంకు మీ ముందుంది కాబట్టి ఎగురుతున్నకొద్దీ సీజీ ఇంకా వెనక్కే పోతుంది. లెక్క వేయాల్సింది ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మాత్రమే కాదు, రెండు మూడు లీటర్లు మిగిలి దిగుతున్నప్పుడు కూడా.

తూకం ఇలా: తలుపులు మూసిన హ్యాంగర్, మూడు కాటాలు. ఎగిరే భంగిమలో ఉండేలా తోక ఎత్తి, ప్లాన్లలో చెప్పిన చోట స్పిరిట్ లెవెల్ పెట్టండి. బ్రేకులు వదిలేయాలి, లేకపోతే చక్రాలు కాటాను పక్కకు నెట్టి అంకె తప్పుతుంది. రెక్క ముందు అంచు నుంచి తూకపు గుండు వేలాడదీసి నేల మీద గీత పెట్టి, అక్కడి నుంచి ఇరుసుల మధ్యకు, టెయిల్‌వీల్ మధ్యకు కొలవండి. ఖాళీగా ఒకసారి. తర్వాత మీరు బట్టలు, హెల్మెట్, కుషన్ సహా కూర్చుని ఇంకోసారి. ప్లాన్లలో పైలట్ దూరమని రాసిన అంకె వేరే శరీరానికి, వేరే కుషన్‌కు. ఒకే సీటు విమానంలో అందరికంటే బరువైన వస్తువు పైలటే, ఆ దూరం అంచనాతో వేయకూడదు.

కాగితాల్లో ఒరిజినల్ ప్లాన్ల సెట్టు విమానంతోపాటు రావాలి. అరుదైన విమానానికి విడిభాగాలు దొరకవు, రిబ్బు అయినా ఫిట్టింగ్ అయినా డ్రాయింగ్ చూసి చేయించుకోవాల్సిందే. మార్పులన్నిటికీ అనుమతి కాగితం అడగండి, కానపీకి మరీ ముఖ్యంగా. వార్షిక తనిఖీ ఎవరు చేయొచ్చో రిజిస్టర్ అయిన దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో కట్టినవాళ్ళకిచ్చే రిపేర్‌మన్ సర్టిఫికెట్ కొన్నవాళ్ళకు బదిలీ కాదు, లైసెన్సున్న మెకానిక్ సంతకం కావాలి. బ్రిటన్‌లో అయితే లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇన్‌స్పెక్టర్.

తోకచక్రం:

ఎగరడం గురించి. మొదట ఒక ప్రశ్నకు జవాబు తెలుసుకోండి: మీ ప్రొపెల్లర్ ఎటు తిరుగుతుంది? ఫోక్స్‌వాగెన్ ఇంజిన్‌ను పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. ప్రొపెల్లర్ పుల్లీ చివర బిగించి ఉంటే, వెనక కాక్‌పిట్‌లో కూర్చున్న మీకు అది అపసవ్యంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. మీరు అలవాటు పడిన లైకమింగ్, కాంటినెంటల్ ఇంజిన్లకు ఇది తిరగబడ్డ దిశ. టేకాఫ్‌లో ముక్కు ఎడమకు కాదు, కుడికి లాగుతుంది. కుడికాలు తొక్కే అలవాటున్నవాళ్ళు అదే పని చేస్తే మొదటి మూడు సెకన్లలోనే రన్‌వే పక్కనున్న గడ్డిలో ఉంటారు. ప్రొపెల్లర్ ఫ్లైవీల్ చివర బిగించి ఉంటే మామూలు దిశే. చేత్తో తిప్పేటప్పుడే తెలిసిపోతుంది. తెలిశాక కూర్చుని కళ్ళు మూసుకుని కాళ్ళతో సాధన చేయండి.

చేత్తో స్టార్ట్ చేసేటప్పుడు తోక తాడుతో కట్టి ఉండాలి, చక్రాల ముందు అడ్డాలు ఉండాలి, కాక్‌పిట్‌లో స్విచ్చులు తెలిసిన మనిషి ఉండాలి. ఒంటరిగా ప్రొపెల్లర్ తిప్పడం వద్దు. థ్రాటిల్ కొంచెం ఎక్కువ తెరిచి ఉంటే విమానం మనిషి లేకుండానే బయలుదేరుతుంది.

ఎగరకముందు విమానం తోక స్టాండ్ మీద పెట్టి, ఎగిరే భంగిమలో అరగంట కూర్చోండి. కౌలింగ్ (ఇంజిన్ మీది కప్పు) అంచు దిక్చక్రానికి ఎక్కడ తగులుతోందో గుర్తుపట్టండి. తర్వాత తోక నేలకు దించి మూడు చక్రాల మీద ఉన్నప్పటి చూపు. ల్యాండింగ్‌లో మీకు కావలసింది ఈ రెండో బొమ్మ. మీ కళ్ళు నేలకు ఇప్పటిదాకా ఎన్నడూ లేనంత దగ్గరగా ఉంటాయి. రెండు సీట్ల విమానం అలవాటుతో ఫ్లేర్ చేస్తే (దిగేముందు ముక్కు ఎత్తితే) మీటరు ఎత్తులోనే నిలిపేసి అక్కడి నుంచి దభీమని పడేస్తారు.

ఆ తర్వాత టాక్సీ, అంటే నేల మీద నడపడం. మెల్లగా మొదలుపెట్టి, తోక లేచే వేగం దాకా పెంచుకుంటూ రన్‌వే పొడవునా పరుగులు తీయండి, రడ్డర్ (కాళ్ళతో తిప్పే తోక చుక్కాని) అలవాటయ్యేదాకా.

మొదటి ఫ్లయిట్‌కు గాలి 5 నాట్లు దాటకూడదు, అదీ రన్‌వే వెంట. గడ్డి రన్‌వే మంచిది. 20 లీటర్ల పెట్రోల్ చాలు. ఎక్కుతున్నప్పుడు స్టిక్ పట్టుకున్న చేతిని తొడ మీద ఆనించండి. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) తేలిక, మోచెయ్యి గాల్లో ఉంటే విమానం ఉయ్యాలలూగుతుంది. ఫీల్డ్ మీదే ఉండి 3,000 అడుగులకు ఎక్కండి. సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రత 200 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వస్తే ముక్కు దించి వేగం పెంచండి, అవసరమైతే పవర్ తగ్గించండి.

పైన మెల్లగా వేగం తగ్గిస్తూ స్టాల్ దాకా వెళ్ళండి. అప్పుడు వేగం మీటరు ముల్లు ఎక్కడుందో మోకాలి మీది కాగితం మీద రాసుకోండి. పుస్తకంలో అంకె వేరు, ఇంట్లో బిగించిన పిటాట్ గొట్టం (వేగం కొలిచే గాలి గొట్టం) చూపే అంకె వేరు. ముల్లు 35 నాట్లు చూపిస్తే దానికి 1.3 రెట్లు, 45 లేదా 46 మీ అప్రోచ్ వేగం (దిగడానికి రన్‌వే వైపు వచ్చే వేగం). దాని కంటే 10 ఎక్కువ వేసుకుని వస్తే రన్‌వే సగం తేలుతూనే గడిచిపోతుంది.

అదే ఎత్తులో థ్రాటిల్ మూసి వేగం ఎంత తొందరగా పడిపోతుందో చూడండి. 280 కిలోల విమానానికి ఊపు ఉండదు, గాలి అడ్డు మాత్రం బాగా ఉంటుంది. ఎక్కుతూ ఉండగా ఇంజిన్ ఆగితే "ఏమైంది" అనుకునేలోపే వేగం స్టాల్‌కు వచ్చేస్తుంది. చెయ్యి ముందుకు కదలాలి, ఆలోచన తర్వాత. మాగ్నెటో ఒకటే, ప్లగ్గులు ఒక వరసే. అంటే ఈ ఇంజిన్ ఎప్పుడైనా ఆగొచ్చనుకునే ఎగరాలి. 500 అడుగుల లోపు ఆగితే ఎదురుగా ఉన్న చోటే దిగాలి, రన్‌వే వైపు తిరగకూడదు.

కానపీ ఉందన్నారు కదా, పల్టీ కొడితే లోపల నుంచి ఎలా బయటపడతారో నేల మీదే చూసుకోండి. పగలగొట్టే పనిముట్టు చేతికందే చోట, కట్టి ఉంచండి.

స్ప్రూస్‌పలక:

తోకచక్రం గారూ, వేగం పరుగుల విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. తోక లేచే వేగం, ఎగిరే వేగం ఈ విమానంలో దగ్గర దగ్గరగా ఉంటాయి. పరుగు తీస్తూ ఒక గాలి విసురు వస్తే ఎగరాలనే ఉద్దేశం లేకుండా గాల్లో ఉంటారు, ముందు మిగిలిన రన్‌వే తక్కువ. రెండోది, థ్రాటిల్ హఠాత్తుగా మూసిన ప్రతిసారీ ముక్కు ఎదురు దిశకు విసురుతుంది. గ్రౌండ్ లూప్ (నేల మీద విమానం అదుపు తప్పి గిర్రున తిరగడం) పడేది టేకాఫ్‌లోకన్నా ఇలాంటి ఆగిన పరుగుల్లోనే. నడక వేగం, సైకిల్ వేగం టాక్సీ ఎంతైనా చేయండి. తోక ఎత్తి పరుగు మాత్రం ఎగరడానికి పూర్తిగా సిద్ధపడిన రోజే, పొడవైన రన్‌వే మీదే.

తోకచక్రం:

పొడవైన గడ్డి రన్‌వే, గాలి లేని పొద్దుట పూట అయితేనే, ఒప్పుకుంటాను. థ్రాటిల్ హఠాత్తుగా మూయకుండా మెల్లగా తీయాలి, ఆ మాట నేను రాసి ఉండాల్సింది. కానీ పరుగుల్లేకుండా నేరుగా ఎగరమనడం టెయిల్‌వీల్ బాగా వచ్చినవాళ్ళకే సరిపోతుంది. గాలివాటం గారు మొదట పొట్టి తోక ఉన్న తేలికపాటి రెండు సీట్ల విమానంలో, వెనక సీటు నుంచి, నేర్పేవారితో కొన్ని గంటలు ఎగిరితే ఈ వాదన అవసరం పడదు.

గాలివాటం:

అందరికీ ధన్యవాదాలండీ. యజమాని ఒప్పుకున్నారు, చూసి వచ్చాను. స్పార్ మొదట్లో జిగురు చుక్కలు ముదురు ఎరుపు గోధుమ రంగులో, గోరు దిగనంత గట్టిగా ఉన్నాయి. తేమ ఎక్కడా 13 దాటలేదు. ఎడమ గేర్ కాలు పైన స్పార్ మీద ఏటవాలు వెలుతురులో గీతలేవీ కనపడలేదు. తోకలో రెండు నీటి కన్నాలు రంగుతో పూడి ఉంటే పుల్లతో తెరిచాం, లోపల చెక్క తెల్లగానే ఉంది. ప్రొపెల్లర్ పుల్లీ చివరే, కాక్‌పిట్ నుంచి అపసవ్యంగానే తిరుగుతుంది. లీక్‌డౌన్ 74, 72, 58, 75. 58 వచ్చిన సిలిండర్‌లో శబ్దం ఎగ్జాస్ట్‌లో వినిపించింది. ఇంధన ప్రవాహం ముక్కు ఎత్తి కొలిస్తే నిమిషానికి 380 మిల్లీలీటర్లు వచ్చింది. 400కు దగ్గరే కదా, సరిపోతుందా?

ట్యాపెట్:

సరిపోదండీ. ఒకటిన్నర రెట్లు అన్నది ఆవిరి బుడగలకు, ఫిల్టర్‌లో చేరే మురికికి వదిలిన చోటు. ఇప్పుడే తక్కువ వస్తోందంటే ఎక్కడో అడ్డుంది. ముందు ట్యాంకు మూత తీసి మళ్ళీ కొలవండి. అంకె పెరిగితే మూతలోని గాలి కన్నం మూసుకుపోయింది, మీ పని సులువు. ఆ కన్నానికి గొట్టం ఉంటే దాని నోరు ముందు గాలికి ఎదురుగా ఉండాలి. వెనక్కి తిరిగి ఉంటే ఎగిరేటప్పుడు ట్యాంకులో పీడనం తగ్గి ప్రవాహం ఇంకా పడిపోతుంది. మూత తీసినా మారకపోతే ట్యాంకు లోపలి జల్లెడ తీసి చూడండి, ఆరేళ్ళలో వార్నిష్ పట్టి ఉంటుంది. అదీ శుభ్రంగా ఉంటే షట్ఆఫ్ కాక్ (ఇంధనం ఆపే కొళాయి) లోపలి కన్నం కొలవండి, సన్నటి కాక్ బిగించి ఉండొచ్చు. చివరగా గొట్టం దారి చూడండి. ఎక్కడా పైకి వంగి కిందికి దిగకూడదు, ఆ వంపులో బుడగ నిలుస్తుంది.

58 సంగతి: ఇన్నాళ్ళు ఆగిన ఇంజిన్ కాబట్టి సీటు మీద తుప్పు రేణువు ఉండొచ్చు. రాకర్ కవర్ తీసి, వాల్వు మూసి ఉన్నప్పుడు కాడ కొసను ప్లాస్టిక్ సుత్తితో రెండు మూడుసార్లు చిన్నగా తట్టి మళ్ళీ కొలవండి. 70కి వస్తే సరే. రాకపోతే ఆ హెడ్ తీయించండి, అలాగే రెండు సిలిండర్లకు కలిపి ఉండే ఆ హెడ్‌లోని రెండు ప్లగ్గు కన్నాల దగ్గర వాల్వు సీటు వైపు పగులు ఉందేమో చూడమనండి. బేరంలో ఆ హెడ్ ఖర్చు తగ్గించమని అడగడం న్యాయమే, మిగతా విమానం మీరు చెప్పినట్టే ఉంటే వదులుకోవద్దు. నమ్మకంగా కట్టిన రెసార్సినాల్ స్పార్ ఉన్న టర్బులెంట్ మళ్ళీ మళ్ళీ అమ్మకానికి రాదు.

కొలతలపట్టీ:

తూకం ఇంకా వేయలేదని గమనించాను. డబ్బు ఇచ్చే ముందే వేయించండి గాలివాటం గారూ. మీరు కూర్చున్నాక, మూడు లీటర్ల పెట్రోల్‌తో సీజీ వెనక హద్దు దాటితే టెయిల్‌వీల్ మార్చి తేలికైనది వేయాలి, లేదా బ్యాటరీ లాంటిది ఏదైనా ఉంటే ఫైర్‌వాల్ (ఇంజిన్ వెనక అడ్డుగోడ) మీదికి జరపాలి. ముక్కులో సీసం కడతామంటే ఒప్పుకోకండి. మీకు మిగిలిన 26 లీటర్లలోంచి అది తినేస్తుంది.